గట్టి నీళ్లతో స్పా – 3వ పాఠం: నీళ్లు ఆవిరవుతాయి, సున్నం మిగులుతుంది

పోయిన పాఠంలో, స్పాలో (జెట్లున్న వేడి నీళ్ల టబ్‌లో) పోసే కొళాయి నీళ్ల హార్డ్‌నెస్, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో కొలిచాం. గులాబీ రంగు నీలంగా మారేదాకా కిట్ ద్రావణం చుక్కలు వేసి లెక్కపెట్టి, ఆ అంకె కాగితం మీద రాసిపెట్టుకోమన్నాను. ఇవాళ దానితోనే పని. నీళ్లలో ముంచి రంగు చూసే స్ట్రిప్‌తో సరిపెట్టుకున్నవాళ్లకు ఒక మాట: చాలా స్ట్రిప్‌లు కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి చూపిస్తాయి. మన హీటరు మీద పొర కట్టేది ముఖ్యంగా కాల్షియం. వీలైతే కాల్షియాన్ని విడిగా చూపే చుక్కల కిట్ కొనుక్కోండి.

స్పా నీళ్లలో కాల్షియం 150 నుంచి 250 పీపీఎం మధ్య ఉంటే మంచిది. పీపీఎం అంటే ఇక్కడ లీటరుకు మిల్లీగ్రాములు అనుకోండి, లెక్క తేలికవుతుంది. మీ కొళాయి నీళ్లు 400 చూపించాయనుకుందాం. టబ్ 1,500 లీటర్లది. సగం కొళాయి నీళ్లు, సగం సాఫ్ట్‌నర్ (నీళ్లలోంచి కాల్షియం తీసేసే పరికరం) నుంచి వచ్చిన మెత్తటి నీళ్లు పోస్తే 200 దగ్గర తేలుతుంది. మొత్తం మెత్తటి నీళ్లే పోస్తే ఇంకా మంచిది కదా అని అడుగుతారు. వద్దు. కాల్షియం మరీ తక్కువైతే నురగ ఎక్కువ వస్తుంది.

ఇంతవరకూ అందరూ చేస్తారు. దెబ్బ తినేది ఆ తర్వాతే.

వేడి నీళ్లు కదా, రోజూ కొంత ఆవిరై పోతుంది. పోయేది నీళ్లే, అందులో కరిగిన కాల్షియం టబ్‌లోనే ఉండిపోతుంది. మట్టం తగ్గిందని మళ్లీ కొళాయి పైపు పెడతాం. ఆ నీళ్లతో కొత్త కాల్షియం వస్తుంది, పాతది ఎక్కడికీ పోలేదు. వారానికి 30 లీటర్లు ఆవిరైందనుకోండి. 30 లీటర్లు, లీటరుకు 400 మిల్లీగ్రాములు, అంటే 12,000 మిల్లీగ్రాములు. 12 గ్రాములు. దాన్ని 1,500 లీటర్లకు పంచితే వారానికి 8 పీపీఎం. ఇంతేనా అనిపిస్తుంది. 12 వారాలకు 96. మీరు 200తో మొదలుపెట్టిన టబ్ మూడు నెలలకు 300కు చేరిపోయింది, మీరు తప్పేమీ చేయకుండానే.

నేను మొదటి ఏడాది చేసింది సరిగ్గా ఇదే. కొత్తగా నింపిన రోజు కొలిచాను, బాగుంది, ఇక కిట్ అటక మీద పెట్టేశాను. నీళ్లు అద్దంలా ఉండేవి. హీటరు విప్పి చూసినప్పుడు తెలిసింది, సున్నమంతా ఎక్కడ దాక్కుందో.

పిల్లలు దూకి చిందించిన నీళ్ల లెక్క వేరు. చిందిన నీళ్లు తమతోపాటు కాల్షియాన్ని కూడా పట్టుకుపోతాయి. అదే 30 లీటర్లు చిందితే 6 గ్రాములు బయటికి, 12 గ్రాములు లోపలికి. పెరిగేది 4 పీపీఎమే. కాబట్టి చిందులాటను తిట్టకండి, మూత సరిగా పడకపోవడాన్ని చూసుకోండి.

పరిష్కారం లెక్కలోనే ఉంది. మట్టం కలిపేటప్పుడు మాత్రం మెత్తటి నీళ్లే పోయండి. నింపేటప్పుడు సగం సగం, కలిపేటప్పుడు పూర్తిగా మెత్తటివి. అలా చేస్తే 200 అన్నది 200 దగ్గరే ఉంటుంది. ఇప్పటికే 300 దాటినవాళ్లు మందు కోసం వెతక్కండి. మూడో వంతు, అంటే 500 లీటర్లు తీసేసి మెత్తటి నీళ్లు నింపండి, మళ్లీ 200కు వస్తుంది. సున్నం పట్టకుండా ఆపే ద్రావణాలు అమ్ముతారు, అవి పనికొస్తాయి కానీ కాల్షియాన్ని తీసేయవు, పొర కట్టకుండా నీళ్లలోనే పట్టి ఉంచుతాయి. క్లోరిన్ వాటిని క్రమంగా విరగ్గొడుతుంది, అందుకే సీసా మీద రాసిన ప్రకారం మళ్లీ మళ్లీ వేయాలి. క్లోరిన్ డబ్బా మీద కూడా ఒకసారి పేరు చదవండి. కాల్షియం హైపోక్లోరైట్ అని ఉంటే మీరే చేత్తో కాల్షియం పోస్తున్నట్టు.

ఇక పీహెచ్, అంటే నీళ్లు ఆమ్లంవైపు ఉన్నాయా క్షారంవైపు ఉన్నాయా చెప్పే అంకె. పంచదార వేడి నీళ్లలో ఇంకా బాగా కరుగుతుంది. కాల్షియం కార్బొనేట్, అంటే మన సున్నం పొర, దానికి విరుద్ధం, వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే నీళ్లన్నిటికంటే వేడిగా ఉండే హీటరు గొట్టం మీద మొదట పొర కడుతుంది. దానికి తోడు గాలి బుడగలు కొట్టినప్పుడల్లా నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పైకి ఎక్కుతుంది. పీహెచ్ ఎక్కితే సున్నం విడిపోవడం ఇంకా తేలిక. కాబట్టి గట్టి నీళ్లున్నవాళ్లు 7.2కు, 7.6కు మధ్య పట్టుకోవాలి, ఆల్కలినిటీ (పీహెచ్ ఊగిసలాడకుండా పట్టి ఉంచే గుణం) 80 పీపీఎం దగ్గర ఉంచాలి. టబ్‌లో ఎవరూ లేనప్పుడు గాలి నాబ్‌లు మూసేయండి. ఖర్చు లేని పని, చాలామంది చేయరు. పీహెచ్ దించడానికి సోడియం బైసల్ఫేట్ పొడి వాడతారు. కొంచెం కొంచెంగా, పంపు తిరుగుతుండగా వేయాలి. అది క్లోరిన్ డబ్బాలో పడితే విషవాయువు వస్తుంది, కొలిచే గరిటెలు కూడా వేరువేరుగా పెట్టుకోండి.

ఈ వారం పని: నీటి మట్టం దగ్గర టేపు ముక్క అంటించండి. ఏడు రోజులు టబ్‌లోకి ఎవరూ దిగకుండా, మూత వేసి ఉంచండి. ఎనిమిదో రోజు పైపుతో కాకుండా, లీటర్లు తెలిసిన బకెట్‌తో టేపు దాకా నింపండి. ఎన్ని లీటర్లు పట్టాయో రాయండి. పై లెక్కలో నా 30కి బదులు మీ అంకె, నా 400కు బదులు మీ కొళాయి అంకె, నా 1,500కు బదులు మీ టబ్ లీటర్లు వేసి, వారానికి ఎన్ని పీపీఎం పెరుగుతుందో తేల్చండి. వాడే వారాల్లో మూత తీసి ఉంటుంది కాబట్టి దీనికంటే ఎక్కువే ఆవిరవుతుంది.

ఆ కాగితం పారేయకండి. నాలుగో పాఠంలో, ఇప్పటికే జెట్లకు పట్టిన పొరను ఎలా వదిలించాలో చూసేటప్పుడు కావాలి.