డెస్క్‌టాప్ ఆన్ కావట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

"కంప్యూటర్ ఆన్ కావట్లేదు" అన్న ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు జబ్బులుంటాయి. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోవడం ఒకటి. ఫ్యాన్లు తిరుగుతున్నా స్క్రీన్ నల్లగానే ఉండటం ఇంకొకటి. కొన్ని లోగో దాకా వచ్చి అక్కడే కూర్చుంటాయి, కొన్ని విండోస్ సగం లోడయ్యాక మళ్లీ మొదటికొస్తాయి. మీది ఇందులో ఏదో తేల్చుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. లోగో వచ్చిన కంప్యూటర్‌కి పవర్ కేబుల్ వెతకడం, అసలు కరెంటే అందని దానికి విండోస్ మళ్లీ వేయాలనుకోవడం, రెండూ టైమ్ దండగే.

క్యాబినెట్ తెరిచే ముందు పవర్ కేబుల్ పీకేయండి. పీకాక పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు దిగిపోతుంది. చేతిలోని స్టాటిక్ పోవడానికి క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. లోపలి భాగాలకి కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పొద్దు. దానిలోని కెపాసిటర్లు ప్లగ్ తీసిన తర్వాత కూడా గట్టి షాక్ ఇవ్వగలవు.

బటన్ నొక్కినా చలనం లేకపోతే

1. అదే సాకెట్లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. మధ్యలో యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉంటే వాటిని తప్పించి నేరుగా గోడ సాకెట్‌కి కలపండి.

2. క్యాబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్‌కి చిన్న స్విచ్ ఉంటుంది. గీత గుర్తు వైపు ఉంటే ఆన్, సున్నా వైపు ఉంటే ఆఫ్. ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి ఇది ఆఫ్ అయిపోవడం చాలా మామూలు.

3. కేబుల్ పీకి, ఇందాక చెప్పినట్టు బటన్ 30 సెకన్లు నొక్కి, మళ్లీ పెట్టి చూడండి. నవ్వొచ్చేంత చిన్న చిట్కానే గానీ కొన్నిసార్లు దీంతోనే పని అయిపోతుంది.

4. అయినా లేవకపోతే పవర్ బటన్‌నే అనుమానించండి. దాని నుంచి వచ్చే రెండు సన్నని వైర్లు మదర్‌బోర్డు (అన్ని భాగాలూ కలిసే పెద్ద బోర్డు) అంచున ఉన్న పిన్నులకి తగులుకుని ఉంటాయి. ఆ పిన్నులేవో బోర్డు మాన్యువల్లో చూసుకుని, వైర్లు తీసి, కేబుల్ పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నుల్ని ఒక్క క్షణం కలపండి. కంప్యూటర్ లేచిందంటే తప్పు బటన్‌ది. నేనొకసారి ఇది చూడకుండా కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేశాను. తీరా చూస్తే బటన్ లోపలికి ఇరుక్కుపోయి ఉంది.

5. బటన్ బాగానే ఉంటే పవర్ కేబుల్ మళ్లీ పీకి, మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్ని తీసి, క్లిప్ టక్కుమనేదాకా నొక్కండి. తర్వాత వేరే ఎస్‌ఎంపీఎస్ దొరికితే పెట్టి చూడటమే నమ్మకమైన పరీక్ష. బోర్డు మీద చిన్న లైట్ వెలుగుతోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందనుకోకండి. ఆ లైట్ స్టాండ్‌బై 5 వోల్టులతోనే (కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా అందే కరెంటు) వెలుగుతుంది. అసలు పని చేయించే 12 వోల్టుల లైన్ సంగతి అది చెప్పదు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నలుపే

ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. ముందు మానిటర్‌కి కరెంటు ఉందో, దాని మెనూలో సరైన ఇన్‌పుట్ ఎంచుకుని ఉందో చూడండి. తర్వాత కేబుల్. గ్రాఫిక్స్ కార్డు (స్క్రీన్‌కి బొమ్మ పంపే విడి కార్డు) ఉన్న కంప్యూటర్‌లో మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి. పక్కనే మదర్‌బోర్డు పోర్టు కూడా అలాగే ఉంటుంది కాబట్టి పొరపాటున అందులో పెట్టేస్తుంటాం.

అవి బాగుంటే నా అనుమానం ముందు ర్యామ్ (మెమరీ పట్టీ) మీదికే పోతుంది. పవర్ తీసేసి, స్లాట్ చివరి క్లిప్పులు వెనక్కి వంచి, ర్యామ్ బయటికి తీయండి. బంగారు రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి పూర్తిగా దులిపేయండి. మళ్లీ పెట్టేటప్పుడు కొంచెం గట్టిగానే నొక్కాలి, భయపడి సగంలో వదిలేస్తే అదే ఇంకో సమస్య అవుతుంది. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాట్లు మార్చి చూడండి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులు ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే ఉండొచ్చు. టెన్షన్ పడి మధ్యలో ఆపేయకండి.

ప్రాసెసర్ దగ్గర 4 లేదా 8 పిన్నుల పవర్ కనెక్టర్ విడిగా ఉంటుంది. అది ఊడినా ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. గ్రాఫిక్స్ కార్డుకి విడి పవర్ కేబుల్ ఉంటే అదీ చూడండి. చాలా కొత్త బోర్డుల మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్క్) అనే నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది ఆరకుండా ఉందో అక్కడే చిక్కు. లైట్లు లేకుండా స్పీకర్ ఉంటే బీప్‌లు లెక్కపెట్టి మాన్యువల్‌తో పోల్చుకోండి. వాటి అర్థం అన్ని బోర్డుల్లో ఒకటి కాదు.

ఇంకా రాకపోతే పవర్ తీసి, గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయట పెట్టండి. బయోస్ (విండోస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికి వస్తాయి. తేదీ, టైమ్ తరచూ తప్పుతుంటే ఆ బ్యాటరీ అయిపోయినట్టే. అది 3 వోల్టులది, కొత్తది వేయండి.

ఒకవేళ కొన్ని సెకన్లు నడిచి ఆగిపోతుంటే ప్రాసెసర్ ఫ్యాన్ తిరుగుతోందో, కూలర్ వదులైందో చూడండి.

లోగో వచ్చి ఆగిపోతే

పెన్‌డ్రైవ్‌లు, ప్రింటర్, బయటి హార్డ్‌డిస్క్ అన్నీ పీకి మళ్లీ ఆన్ చేయండి. తర్వాత ఆన్ అవుతుండగా డిలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. డిస్క్ పేరు అక్కడ కనబడకపోతే పవర్ తీసేసి, డిస్క్ కేబుళ్లు రెండు వైపులా తీసి పెట్టండి. ఎం.2 రకం (నేరుగా బోర్డుకే బిగించే సన్నని డిస్క్) అయితే స్క్రూ విప్పి, డిస్క్‌ని తీసి పెట్టి, మళ్లీ బిగించండి. పేరు ఉండి కూడా బూట్ కాకపోతే బూట్ ఆర్డర్ (ఏ డిస్క్ నుంచి ముందు లేవాలన్న వరస) చూడండి. బ్యాటరీ తీశాక ఈ బాధ మొదలైతే బూట్ మోడ్ యూఈఎఫ్ఐ, లెగసీ అనే రెండింట్లో ఒకదాని నుంచి ఇంకోదానికి మారిపోయి ఉండొచ్చు. దాన్ని ముందున్న మోడ్‌లోకే మార్చండి.

హార్డ్‌డిస్క్ నుంచి టిక్ టిక్ అని శబ్దం వస్తుంటే ప్రయోగాలన్నీ ఆపేయండి. డేటా ముఖ్యమైతే ఆ డిస్క్‌ని మళ్లీ మళ్లీ ఆన్ చేయడమే ప్రమాదం.

విండోస్ దగ్గర ఆగితే

ఇక్కడిదాకా వచ్చిందంటే హార్డ్‌వేర్ చాలావరకు పనిచేస్తున్నట్టే. వరసగా రెండు మూడు సార్లు స్టార్ట్ కాకపోతే విండోస్ 10, 11 తమంతట తామే రిపేర్ స్క్రీన్ చూపిస్తాయి. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ముందు స్టార్టప్ రిపేర్ నడపండి. పని జరగకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ కొట్టి, 4 నొక్కి సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైన వాటితోనే విండోస్ నడిచే పద్ధతి) వెళ్లి, ఈ మధ్య వేసిన ప్రోగ్రామో డ్రైవరో తీసేయండి. అప్‌డేట్ తర్వాతే మొదలైతే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోనే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉన్న కంప్యూటర్ మధ్యలో 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ఫోన్‌లో చూసుకోండి.

రీసెట్ దిస్ పీసీ (విండోస్‌ని మళ్లీ కొత్తగా వేసేది) నొక్కాల్సి వస్తే, ఫైళ్లు ఉంచమని చెప్పినా మీరు వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. అందుకే దాన్ని చిట్టచివరికి ఉంచండి.

ఇవేవీ కుదరక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, కంప్యూటర్ ఎక్కడ ఆగుతోందో, మీరు ఏవేవి మార్చి చూశారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. డిస్క్ బాగానే ఉండి, అందులో సొంత ఫైళ్లుంటే దాన్ని తీసి ఇంట్లో ఉంచుకోండి. ఆన్ కాని బోర్డుని పరీక్షించడానికి అది అక్కర్లేదు.