విరులెన్స్ (రోగం తెచ్చే) జన్యువుల పాఠం, ఒక పాత గద్వాల చీరతో

గద్వాలలో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్తాను. పేగుల్లో మామూలుగా ఉండే ఈ. కొలై బాక్టీరియా ప్రాణాలు తీసే రకంగా ఎలా మారిందన్న పాఠం మొదట్లో స్లైడ్లతో చెప్పేదాన్ని. పరీక్షలో అందరూ ఒకటే రాశారు: మెల్లమెల్లగా మ్యుటేషన్లు (జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు) వచ్చి మారిందని. బయటి నుంచి జన్యువులు వచ్చి చేరాయన్న అసలు సంగతి ఒక్కరికీ అందలేదు. మరుసటి ఏడాది అమ్మ పాత చీర తీసుకెళ్లాను.

గద్వాల చీరకు బాడీ నూలు, అంచు పట్టు. చీర బల్ల మీద పరిచి, ఒక్కొక్కరినీ కళ్లు మూసుకుని బాడీ మీంచి అంచు వైపు వేలు జరపమనండి. నూలు గరుకు పోయి పట్టు నునుపు తగిలిన చోట వేలు ఆగుతుంది. "ఇక్కడ వేరే దారం మేడం" అని వాళ్లే అంటారు. పీరియడ్ అయిపోతుందని టెన్షన్ పడకండి, అందరి వేలూ ఆగాలి.

అప్పుడు బోర్డు మీద అంకెలు వెయ్యండి. ల్యాబుల్లో పెంచే కె-12 రకం జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) సుమారు 46 లక్షల అక్షరాలు, రోగం తెచ్చే ఓ157:హెచ్7 రకానిది 55 లక్షలు. ఆ ఎక్కువలో పేగు గోడకు అతుక్కోవడానికి పనికొచ్చే జన్యువుల ముక్క ఒకటుంది, పేరు 'లీ'. డీఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో జి, సి అనేవి ఈ. కొలై మొత్తంలో దాదాపు 50 శాతం, ఈ ముక్కలో 38 దగ్గర. బయటి నుంచి వచ్చిన దారం అది.

షిగా టాక్సిన్ అనే విషం జన్యువును మోసుకొచ్చేది ఫేజ్, అంటే బాక్టీరియాకు పట్టే వైరస్. 2011లో జర్మనీలో మెంతి మొలకలు తిని 50 మందికి పైగా చనిపోయారు. దానికి కారణమైన, పేగుకు అంటుకునే ఈ. కొలై రకం అలాంటి ఫేజ్‌ను సంపాదించుకుంది. కొన్ని యాంటీబయాటిక్స్ ఆ ఫేజ్‌ను లేపి టాక్సిన్ పెంచుతాయని గట్టిగా చెప్పండి. రక్త విరేచనాలైతే డాక్టర్‌ను అడగకుండా మెడికల్ షాపులో గోళీలు కొనే ఇళ్ల నుంచే మన పిల్లలు వస్తారు.

పోగొట్టుకోవడం కూడా చెప్పాలి, చాలామంది వదిలేసేది ఇదే. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా బాక్టీరియా నిజానికి ఈ. కొలై వంశమే. పేగు కణాల్లోకి చొరబడే జన్యువులున్న ప్లాస్మిడ్ (విడిగా ఉండే డీఎన్‌ఏ చుట్ట) తెచ్చుకుంది, క్యాడ్-ఎ జన్యువును వదిలించుకుంది. ఆ జన్యువు ఉంటే లైసిన్ నుంచి తయారయ్యే క్యాడవరిన్ అనే పదార్థం షిగెల్లా టాక్సిన్‌కే అడ్డం. క్యాడవరిన్ తయారైతే ఊదా రంగు వచ్చే లైసిన్ టెస్టు ట్యూబుల ఫోటో చూపించండి: మామూలు ఈ. కొలైది ఊదా, షిగెల్లాది పసుపు. పసుపు ఎందుకు మిగిలిందో వాళ్లనే రాయమనండి.