తాపీ మేస్త్రి శిక్షణ, సర్టిఫికెట్: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎలా అప్లై చేయాలి

తుపాను వెళ్లాక ఇళ్ల పని ఒక్కసారే మీద పడుతుంది, మేస్త్రిలు దొరకరు, దొరికినవాళ్లు గబగబా గోడ లేపేసి ఇంకో సైటుకి పరిగెడతారు. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. తుపానుకే కాదు, భూకంపానికి కూడా గోడలు గట్టిగా నిలిచేలా కట్టడం నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణలు ఉన్నాయి, ఫీజు లేదు, కానీ మనవాళ్లలో అప్లై చేసేవాళ్లే తక్కువ.

"మనకి భూకంపాలేటి బావా, తుపానులు చాలవా" అంటారు. నిజమే, 2016 నాటి ఐఎస్ 1893, అంటే భూకంపాల మీద దేశమంతటికీ ఉన్న నిర్మాణ ప్రమాణం, దాని పటం ప్రకారం మనది జోన్ 2, అందులో అన్నిటికంటే తక్కువ ముప్పు ఉన్నది. కానీ 1993లో భూకంపం వచ్చినప్పుడు మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతం కూడా అప్పటి పటంలో అట్టడుగు జోన్‌లోనే ఉంది, అడుసుతో పేర్చిన బరువైన రాతి గోడలు తెల్లవారుజామున నిద్రపోతున్నవాళ్ల మీద కూలాయి. పైగా మన మేస్త్రిలు ఊళ్లోనే ఉండరు కదా, అండమాన్ దాకా వెళ్తారు, అదే 2016 పటంలో అది జోన్ 5, అన్నిటికంటే ఎక్కువ ముప్పు ఉన్నది.

ముందు లేబర్ కార్డు, అంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదైతే ఇచ్చే కార్డు, దాని సంగతి చూసుకోండి. ఆ నమోదుకి వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. ఈ 90 రోజుల రుజువు దగ్గరే అందరికీ టెన్షన్. ఒకే కాంట్రాక్టర్ దగ్గర ఏడాదంతా చేసేవాళ్లు ఎవరు? కాబట్టి ఏ సైటులో పని అయినా, అయిన రోజే యజమానితోనో కాంట్రాక్టర్‌తోనో ఒక కాగితం రాయించుకుని సంతకం పెట్టించుకోండి. ఆరు నెలల తర్వాత అడిగితే ఫోన్ ఎత్తరు.

శిక్షణకి రెండు దారులున్నాయి. ఏళ్ల తరబడి పని చేస్తున్నవాళ్లకి ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్), అంటే కొత్తగా అఆల నుంచి నేర్పకుండా, కాస్త శిక్షణ ఇచ్చి, ఉన్న పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 4.0లో దీనికి వయసు 18 నుంచి 59. స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫోన్ నంబర్, ఓటీపీ, ఆధార్ ఈకేవైసీతో రిజిస్టర్ అయ్యి, నిర్మాణ రంగంలో తాపీ పని కోర్సు మీకు దగ్గర్లో ఉందేమో వెతకండి. కనబడకపోతే జిల్లాలోని నైపుణ్యాభివృద్ధి సంస్థ ఆఫీసులో అడగండి. ఒక్కరే వెళ్లి అడిగితే "బ్యాచ్ పడినప్పుడు చెప్తాం" అంటారు, మీ ముఠా మొత్తం కలిసి పేర్లిస్తే మాట వేరుగా ఉంటుంది.

కొత్తవాళ్లకి, ఇంతకాలం కూలీగా మాల్ కలిపి మోసినవాళ్లకి, 45 రోజుల గ్రామీణ మేస్త్రి శిక్షణ ఉంది. ఇది పీఎం ఆవాస్ గ్రామీణ్ కింద నడుస్తుంది, గదిలో కూర్చోబెట్టి కాదు, నిజంగా కడుతున్న ఇంటి మీదే నేర్పుతారు. ఆడవాళ్లు కూడా చేరొచ్చు. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని, లేదంటే మండలంలో హౌసింగ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ని) కలిసి పేరు రాయించండి.

కాగితాలు మామూలువే: ఆధార్, దానికి లింకైన ఫోన్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు. చిక్కంతా ఇంటిపేరుతోనే, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. అది ముందే సరిచేయించుకోకపోతే సరిగ్గా బ్యాచ్ మొదలయ్యే రోజున బయటపడుతుంది. మధ్యలో ఎవరైనా సీటు ఇప్పిస్తానని డబ్బు అడిగితే వదిలేయండి.

చేరే ముందు ఒక్క మాట మాత్రం అడగండి, చేత్తో కట్టిస్తారా, లేక బొమ్మలు చూపించి పంపేస్తారా అని. నా లెక్కలో అసలు విషయం ఇదే. పిల్లర్ రింగునే, అంటే నిలువు రాడ్ల చుట్టూ కట్టే ఇనుప చుట్టునే తీసుకోండి. మన సైటుల్లో చాలాచోట్ల కొనని 90 డిగ్రీలకి వంచి వదిలేస్తారు, ఊపు వచ్చినప్పుడు ఆ కొన తెరుచుకుంటుంది, లోపలి రాడ్లు బయటికి ఉబుకుతాయి. భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 13920 ప్రకారం కొనని 135 డిగ్రీలకి, అంటే పిల్లర్ లోపలికి వాలేలా వంచాలి, వంపు తర్వాత తోక కనీసం 65 మిల్లీమీటర్లు ఉండాలి. దీనికి అదనంగా అయ్యే ఇనుము ఎంతని, కానీ వంచేవాడికి చెయ్యి నొప్పి, అందుకే ఎగ్గొడతారు. అలాగే లింటెల్ బ్యాండ్, అంటే తలుపులు, కిటికీల పైఎత్తున గోడల మీద పోసే కాంక్రీటు పట్టీ. కిటికీల మీద ముక్కలు ముక్కలుగా కాకుండా ఇల్లంతా చుట్టూ తెగకుండా పోవాలి, మూలల్లో రాడ్లు ఒకదాన్నొకటి దాటి వంగాలి. మూలకి ఆనించి కిటికీ పెట్టకూడదు. రేకుల ఇల్లయితే పైకప్పుని గోడకి గట్టిగా బిగించాలి, అది తుపానుకి మరీ ముఖ్యం.

హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వకపోవచ్చు, కాబట్టి వేరే సైటు ఒప్పుకున్న నెలలో పేరివ్వకండి. చెన్నై, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లయితే సంక్రాంతికి ఊరొచ్చినప్పుడే ఆధార్, బ్యాంకు పేర్లు సరిచేయించుకుని, వేసవిలో బ్యాచ్ ఉందేమో సచివాలయంలో కనుక్కుని వెళ్లండి.