షుగర్ ఎస్టర్ పొడి కొనేముందు ఆ నంబర్ అడగండి

ఇంట్లో క్రీములు, లోషన్లు కలుపుకునేవాళ్లకి ఒక మాట. నీళ్లు, నూనె కలిసి ఉండేలా చేసే సుక్రోజ్ స్టియరేట్ అని ఒక షుగర్ ఎస్టర్ తెల్ల పొడి దొరుకుతోంది కదా, కొనేముందు దాని హెచ్‌ఎల్‌బీ (అది నీళ్ల వైపు మొగ్గుతుందా, నూనె వైపా అని చెప్పే నంబర్) ఎంతో అడగండి. పంచదారకి కొవ్వు ఆమ్లాన్ని అతికించి చేస్తారు దీన్ని, పంచదార వైపు నీళ్లని, కొవ్వు వైపు నూనెని పట్టుకుంటుంది, కానీ ఒక్కో పంచదార అణువుకి ఎన్ని కొవ్వు తోకలు అతికాయన్నదాన్ని బట్టి పేరు అదే ఉన్నా గుణం మారిపోతుంది. 15, 16 ఉంటే నీళ్లు ఎక్కువుండే లోషన్లకి పనికొస్తుంది, 3 దగ్గరిది నూనె వైపే మొగ్గుతుంది. ఇది తెలియక నేను రెండు సీసాల బాదం నూనె లోషన్ పాడుచేశా, తెల్లారేసరికి నూనెంతా పైకి తేలి కూర్చుంది.

నీళ్లు, నూనె వేరువేరుగా 70–75 డిగ్రీల దాకా వేడిచేసి అప్పుడు కలపండి. నిమ్మరసం మాత్రం వద్దు, బాగా పుల్లగా ఉంటే పంచదారకి, కొవ్వుకి మధ్య ఉన్న అతుకు మెల్లగా ఊడిపోతుంది. ప్రిజర్వేటివ్ తప్పనిసరి. ఇక మన వైజాగ్ ఉక్క సంగతి తెలిసిందే, బీచ్ దగ్గర ఇళ్లలో అయితే ఉప్పే నీరు కారిపోతుంది, ఈ పొడి కూడా తేమకి గడ్డకడుతుంది, గట్టి మూత డబ్బాలో పెట్టండి.

అన్నట్టు, తినే ప్యాకెట్ల మీద 473 అని కనిపించేది ఈ షుగర్ ఎస్టర్లే.