సోల్డరింగ్ ఎలా నేర్చుకోవాలి? వేడి ముందు, లెడ్ తర్వాత

నెత్తిన ఒక్కటి కొడితే గానీ పలకని రేడియో, వైరు ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే వినిపించే ఇయర్‌ఫోన్, ఊపితే వెలిగే టార్చిలైటు... ఇలాంటిది ప్రతి ఇంట్లో ఒకటైనా ఉంటుంది. పార్టులన్నీ బాగానే ఉండి, ఒక్క అతుకు వదులై మూలపడ్డవే వీటిలో చాలా. తగరం, సీసం కలిసిన తీగతో (అంగళ్లలో దీన్నే లెడ్ అంటారు) ఆ అతుకు వేయడమే సోల్డరింగ్. దానికి ఐటీఐ చదవక్కర్లేదు. ఒక్క సూత్రం పట్టుబడితే చాలు: కరగబెట్టాల్సింది లెడ్‌ను కాదు, కాగబెట్టాల్సింది అతికే రెండు భాగాలను. మిగతాదంతా చేతి అలవాటు.

ముందు సామాను చూసుకుందాం. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, దానికో స్టాండు, తడి స్పాంజి, కట్టర్, కరిగిన లెడ్‌ను పీల్చేసే సక్కర్, రంధ్రాల చుట్టూ రాగి చుక్కలుండే ఒక డాట్ బోర్డు. కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా ఎలక్ట్రానిక్ స్పేర్ పార్టుల అంగట్లో ఇవన్నీ దొరుకుతాయి. చేతిలో డబ్బు తక్కువుంటే ఐరన్ దగ్గర సర్దుకోండి, లెడ్ దగ్గర మాత్రం సర్దుకోవద్దు. 60/40 రకం అడగండి. అందులో 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. 183 డిగ్రీల దగ్గర మెత్తబడి 190 వచ్చేసరికి పూర్తిగా కరుగుతుంది. 63/37 దొరికితే ఇంకా మేలు. అది 183 దగ్గర ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గట్టిపడుతుంది. తీగ మందం 0.7 లేదా 0.8 మిల్లీమీటర్లు ఉండాలి, లోపల రోజిన్ ఫ్లక్స్ (లెడ్ బాగా పట్టేలా లోహాన్ని శుభ్రం చేసే బంక) ఉండాలి. రేకుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ బోర్డు మీదికి రానివ్వకండి, రాగిని తినేస్తుంది.

ఇక చోటు. టేబుల్ మీద చెక్కకు మచ్చ పడకుండా ఒక బండముక్క వేసుకోండి. ఈ విషయంలో మన పక్క వాళ్లకు కొదవ లేదు. కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ, ఏ ముక్కైనా వేడికి చలించదు. ఎండాకాలంలో మన ఊళ్లలో ఫ్యాను లేకుండా కూర్చోవడం కష్టమే. కానీ గాలి నేరుగా బోర్డు మీద పడితే బిట్ (ఐరన్ ముందుండే కాగే ముక్క) చల్లారిపోయి అతుకు చెడుతుంది. టేబుల్ ఫ్యాన్‌ను పక్కన పెట్టి, పొగను కిటికీ వైపు తోసేలా తిప్పుకోండి. ఆ పొగ సీసానిది కాదు, రోజిన్‌ది. అయినా ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఉబ్బసం ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. సీసం ఒంట్లోకి పోయేది చేతుల ద్వారా. అందుకే పని మధ్యలో బొరుగులు, మిరపకాయ బజ్జీ ముట్టొద్దు. లేచాక సబ్బుతో చేతులు కడుక్కోండి. వంటింట్లో ఈ పని వద్దు, చిన్నపిల్లలనూ గర్భిణులనూ దగ్గరికి రానివ్వొద్దు. ఐరన్ చేయి జారితే పడనివ్వండి, పట్టుకోబోతే అరచెయ్యి కాలుతుంది.

ఐరన్ ప్లగ్గు పెట్టాక నాలుగైదు నిమిషాలు ఆగండి. మధ్యమధ్య లెడ్ కొసను బిట్‌కు తాకించి చూస్తుండండి. కరగడం మొదలవగానే బిట్ చుట్టూ పలచగా లెడ్ పూయండి. దీన్నే టిన్నింగ్ అంటారు. వెండిపూతలా మెరిసే ఈ పొర ఉంటేనే వేడి అవతలికి సాఫీగా దిగుతుంది. నల్లగా మాడిన బిట్ ఎంత కాలినా పని చేయదు. తడి స్పాంజికి ఒకసారి తుడిచి మళ్లీ పూస్తే సరి. కోటింగ్ ఉన్న బిట్‌ను ఆకురాయితో రాయొద్దు, పూత పోయిందంటే బిట్ పోయినట్టే. పని ముగించి ప్లగ్గు తీసేముందు కూడా కొంచెం లెడ్ పూసి వదలండి.

ఇప్పుడు అసలు పని. రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న పార్టు) కాళ్లు వంచి డాట్ బోర్డు రంధ్రాల్లో దూర్చి, ఊడిపోకుండా కింద కాస్త ఎడంగా వంచండి. రాగి వైపు పైకి తిప్పి పెట్టండి. కుడిచేతిలో ఐరన్, ఎడమచేతిలో లెడ్. బిట్ కొసను కాదు, దాని పక్కతలాన్ని ప్యాడ్‌కూ (రంధ్రం చుట్టూ ఉన్న రాగి చుక్క) రెసిస్టర్ కాలికీ ఒకేసారి ఆనించండి. మనసులో ఒకటి, రెండు అనుకోండి. ఐరన్‌కు ఎదురు వైపు నుంచి లెడ్‌ను కాలి మొదట్లో తాకించండి. వేడి సరిపోయి ఉంటే ఆ క్షణాన చిన్న పొగ లేస్తుంది, లెడ్ తనంతట తానే కాలి చుట్టూ తిరిగి ప్యాడ్ అంచుల దాకా పరుచుకుంటుంది. చూడాల్సింది ఆ పరుచుకోవడాన్నే. అది కనిపించగానే ముందు లెడ్ తీయండి, అర క్షణం ఆగి ఐరన్ తీయండి. లెడ్ గట్టిపడేదాకా బోర్డును కదపొద్దు, ఊదొద్దు. అంతా కలిపి మూడు నాలుగు సెకన్ల పని. అంతకుమించి పట్టి ఉంచితే ప్యాడ్ బోర్డు నుంచి లేచిపోతుంది.

మంచి అతుకు మెరుస్తూ, అంచుల్లో పలచబడుతూ, కాలి వైపు వాలుగా పైకి ఎక్కి ఉంటుంది. లెడ్ తామరాకు మీద నీటిబొట్టులా ఉండకట్టి కూర్చుంటే ప్యాడ్ వేడెక్కలేదని అర్థం. రిపేరు అంగళ్లలో డ్రై సోల్డర్ అనేది దీన్నే. పైకి అతికినట్టే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. మొదట్లో చెప్పిన రేడియో జబ్బుకు చాలాసార్లు మూలం ఇదే. దీనికి ఇంకా లెడ్ వేయడం మందు కాదు. కొద్దిగా ఫ్లక్స్ పూసి మళ్లీ వేడి చేయండి. రెండు ప్యాడ్లు కలిసిపోతే లెడ్ కరగబెట్టి సక్కర్‌తో లాగేయండి.

పల్లెల్లో ఉండేవాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. వోల్టేజీ తగ్గితే ఐరన్ వేడి మనం అనుకున్న దానికంటే ఎక్కువగా పడిపోతుంది, ఎందుకంటే వాట్లు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చే విలువను) బట్టి మారతాయి. 230 వోల్టులకు 25 వాట్లు ఇచ్చే ఐరన్, 180 వోల్టులకు సుమారు 15 వాట్లే ఇస్తుంది. నిన్న చక్కగా కుదిరిన అతుకు ఈరోజు ఉండకడుతుంటే చేతిని తప్పుపట్టుకునే ముందు లైన్‌లో వోల్టేజీ ఎంతుందో కనుక్కోండి. మిక్సీ గొంతు మారినా తెలిసిపోతుంది.

వరసగా అతుకులు వేసి, వాటిని మళ్లీ సక్కర్‌తో పీకండి. గుజిరీలోనో రిపేరు అంగట్లోనో పాడైన రేడియో బోర్డు అడిగి తెచ్చుకుంటే పీకడం ఇంకా బాగా వస్తుంది. చేయి కుదిరాక 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓమ్‌ల రెసిస్టర్, ఒక ఎర్ర ఎల్ఈడీ తెచ్చి వరసగా కలపండి. ఎల్ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పోగా మిగిలిన 7 వోల్టులకు 15 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది, ఎల్ఈడీకి అది క్షేమం. పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. వెలిగాక బోర్డును వేలితో తట్టి చూడండి. మిణుకుమంటే ఎక్కడో డ్రై సోల్డర్ ఉన్నట్టే, వెతికి పట్టుకోండి.

ఆ తర్వాత సెల్లుతో నడిచే టార్చి, బొమ్మ, ఇయర్‌ఫోన్ వైరు విప్పవచ్చు. ఎల్ఈడీ బల్బు, మిక్సీ, దోమల బ్యాట్ జోలికి మాత్రం అప్పుడే పోవద్దు. మొదటి రెండింట్లో లోపలికి నేరుగా ఇంటి కరెంటే వస్తుంది. బ్యాట్‌లోనైతే స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో (కరెంటును నిల్వ ఉంచే పార్టు) గట్టి షాకు నిలిచి ఉంటుంది. వాటిని ఎలా విప్పాలో, కెపాసిటర్‌ను ఎలా ఖాళీ చేయాలో తెలిసిన మెకానిక్ పక్కన కూర్చుని చూశాకే ముట్టండి.