హాలోవీన్ కోసం షాపుకి పరిగెత్తేముందు ఒకసారి మీ వంటింట్లోకి చూడండి

హాలోవీన్ అంటే పిల్లలు దయ్యాల్లాంటి వేషాలు వేసుకునే పండగ, వచ్చేది అక్టోబర్ 31న, కానీ సెప్టెంబర్ రాగానే ఇక్కడి షాపుల్లో అస్థిపంజరాలు వేలాడటం మొదలవుతుంది. అమెరికా వచ్చి ఏడాది కూడా కానివాళ్లకి అవి చూడగానే రెండు అనుమానాలొస్తాయి: ఇదంతా మనం కూడా చేయాలా, చేస్తే ఎంతవుతుంది? చేయాలా అంటే, ఇంట్లో స్కూలుకెళ్లే పిల్లలుంటే చేయాల్సిందే, వాళ్లు ఊరుకోరు. ఎంతవుతుందంటే, మేం మొదటి ఏడాది 200 డాలర్ల పైనే తగలేశాం, ఇప్పుడు పదిహేను మంది పిల్లల్ని పిలిచి పార్టీ చేసినా క్యాండీతో కలిపి 50 దాటడం లేదు. మేముండేది డాలస్ పక్కన, కాబట్టి ఎండ లెక్కలు అక్కడివి; న్యూజెర్సీలో, షికాగోలో ఉన్నవాళ్లు కాస్త సర్దుకుని చదవండి.

హాలోవీన్‌కి గుమ్మడికాయని మొహంలా చెక్కి, లోపల దీపం పెట్టి గుమ్మం ముందు ఉంచుతారు. ముందు దాని సంగతి చెప్తాను, కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. మొదటి ఏడాది ఉత్సాహం ఆపుకోలేక అక్టోబర్ మొదటి వారంలోనే పెద్ద కాయ తెచ్చి, ఆ శనివారమే కళ్లూ ముక్కూ చెక్కి గుమ్మం ముందు పెట్టాం. మూడో రోజుకి లోపల బూజు పట్టింది, ఐదో రోజుకి నోరు లోపలికి కుంగిపోయి పళ్లూడిన తాతలా తయారైంది, తీసేద్దామని ఎత్తబోతే అడుగు ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆ నీళ్లు కారిన చోట కాంక్రీటు మీద మరక చాలా రోజులు పోలేదు, ఈగల సంగతి ఇక అడగకండి. టెక్సస్‌లో అక్టోబర్‌లో కూడా 30 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులుంటాయి, ఆ వేడికి కోసిన కాయ ఆగదు. చెక్కకుండా నీడలో పెడితే అదే కాయ నెలరోజులైనా ఉంటుంది. అందుకని కాయ ఎప్పుడు తెచ్చుకున్నా 29కో 30కో చెక్కండి. లేదా అసలు చెక్కకుండా మార్కర్‌తోనో పెయింట్‌తోనో మొహం గీసేయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో కత్తి పని తప్పుతుంది కూడా.

ఇంకో మాట, చెక్కడానికి అమ్మే పెద్ద కాయలు పులుసుకి పనికిరావు, చప్పగా పీచు పీచుగా ఉంటాయి. పక్కనే "పై పంప్‌కిన్" (pie pumpkin) అని చిన్నవి పెడతారు, దప్పళానికి అవి బాగుంటాయి. పెద్దకాయ గింజలు మాత్రం పారేయకండి, కడిగి ఆరబెట్టి ఉప్పూ కారం పట్టించి ఓవెన్లో వేయించుకోండి. చెక్కి బయట పెట్టిన కాయని తర్వాత వండుకునే ఆలోచన అస్సలు వద్దు.

అసలు ఈ కాయ చెక్కడం మొదలైంది గుమ్మడితో కాదు. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలు చెక్కేవాళ్లు, అక్కడినుంచి వలస వచ్చినవాళ్లకి ఇక్కడ గుమ్మడికాయ సులువుగా దొరికింది, పెద్దదీ మెత్తనిదీ కూడా, దాన్నే పట్టుకున్నారు. వాళ్లు చేతికి దొరికిన దానితో కానిచ్చినప్పుడు మనం మాత్రం ప్లాస్టిక్ సెట్లు ఎందుకు కొనాలని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మన ఇళ్లల్లో దొరికేది ఏమిటి? పాల క్యాన్లు. పెరుగు తోడేసుకునే ఇంట్లో నాలుగు రోజులకో గ్యాలన్ ఖాళీ అవుతుంది, సెప్టెంబర్ మధ్యలోంచి దాచిపెడితే అక్టోబర్ చివరికి పది పదకొండు క్యాన్లు పోగవుతాయి. తెల్లగా, వెలుగు లోపలినుంచి బయటికి కనపడేలా ఉంటాయి కదా, దయ్యానికి అంతకంటే ఏం కావాలి. లేబుల్ వేడినీళ్లలో నానబెట్టి పీకేయండి, లోపల సబ్బునీళ్లు పోసి రెండుసార్లు బాగా కడగండి (నేను ఒకసారి బద్ధకించాను, పుల్లటి వాసనకి పిల్లలు ముక్కు మూసుకున్నారు), నల్ల పర్మనెంట్ మార్కర్‌తో కళ్లూ నోరూ గీయండి. ఒక్కో క్యాన్‌కి ఒక్కో మొహం, ఒకటి ఏడుస్తూ, ఒకటి ఆవలిస్తూ, ఒకటి మీ ఆయన ఆఫీస్ కాల్‌లో ఉన్నట్టు. వెనక కింది భాగంలో అరచేయంత రంధ్రం కోసి, అందులోంచి దీపావళి సీరియల్ లైట్ల దండ దూర్చండి, ఒకే దండ క్యాన్ నుంచి క్యాన్‌కి వెళ్లిపోతుంది. గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాంట్లో గుప్పెడు గులకరాళ్లు వేయండి. డ్రైవ్‌వే పక్కన వరసగా పెట్టి చీకటి పడ్డాక లైటు వేస్తే, మా వీధిలో పెద్ద పెద్ద గాలి బొమ్మలు పెట్టిన ఇళ్లవాళ్లు కూడా ఆగి ఫోటోలు తీసుకున్నారు. అలాంటి గాలి బొమ్మ మేమూ మొదటి ఏడాది కొన్నాం, రెండో ఏడాదికి మోటారు పోయింది.

తర్వాత గంజి దయ్యాలు. ఒక పొడుగు సీసా మీద గాలి ఊదిన బెలూన్ పెట్టి, దాని మీద గంజిలో ముంచిన పలచటి గుడ్డ కప్పి, ఒక రాత్రంతా ఆరనిస్తే గుడ్డ గట్టిపడుతుంది, బెలూన్ పగలగొట్టి సీసా తీసేస్తే దయ్యం తనంతట తనే నిలబడుతుంది. ఇక్కడివాళ్లు చీజ్‌క్లాత్ వాడతారు, మనింట్లో పాత మల్లు పంచె ఉంటే అదే చాలు. అయితే అన్నం వార్చిన గంజి పలచగా ఉంటుంది, నేను దానితో చేసిన మొదటి దయ్యం తెల్లారేసరికి కూలబడింది. కప్పు నీళ్లలో రెండు చెంచాల మైదా కలిపి చిక్కబడేదాకా ఉడికించండి, మన ఊళ్లో సినిమా పోస్టర్లు అంటించే లై ఉంటుందే, అదే. దానితో చేస్తే కొయ్యలా నిలబడింది.

ఇంట్లో పేరుకుపోయే డెలివరీ అట్టపెట్టెలతో సమాధి రాళ్లు చేయండి. పైన గుండ్రంగా కోసి బూడిద రంగు వేసి, వాటి మీద ఏదైనా రాయండి. ఇంగ్లీషులో రాస్తే పక్కింటివాళ్లు నవ్వుతారు, తెలుగులో రాస్తే మనవాళ్లు నవ్వుతారు, మేం రెండూ పెడతాం. పోయినసారి బాగా పేలినవి: "మా డైటింగ్, పుట్టింది జనవరి 1, పోయింది జనవరి 4", ఇంకోటి "డ్రయ్యర్లోంచి తిరిగి రాని సాక్స్ జ్ఞాపకార్థం". టాయిలెట్ పేపర్ రోల్ లోపలి గొట్టాలు కూడా దాచండి, కళ్ల ఆకారంలో రెండు రంధ్రాలు కోసి లోపల చీకట్లో వెలిగే గ్లో స్టిక్ పెట్టి పొదల్లో దాస్తే ఏదో జంతువు చూస్తున్నట్టే ఉంటుంది. గ్లో స్టిక్‌లు, నల్ల చార్టులు, మార్కర్లు డాలర్ ట్రీ అనే చవక షాపులో తీసుకోండి, మేం బయట కొనేవి దాదాపు ఇవే.

ఇక్కడ ఒక జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మనకి కట్టే ఇంటికి దిష్టిబొమ్మ వేలాడదీయడం మామూలు విషయం, పాత ప్యాంటూ చొక్కాలో గడ్డి కుక్కి చెట్టుకి కట్టేద్దాం అనిపిస్తుంది. అమెరికాలో మనిషి ఆకారాన్ని మెడకి తాడేసి చెట్టుకి వేలాడదీస్తే అది నల్లజాతివాళ్లని మూకలు ఉరితీసిన చరిత్రని గుర్తుచేస్తుంది, చూసేవాళ్లకి చాలా బాధగా ఉంటుంది, పోలీసులు తలుపు కొట్టినా ఆశ్చర్యం లేదు. బొమ్మని కుర్చీలో కూర్చోబెట్టండి, చేతిలో క్యాండీ గిన్నె పెట్టండి. దిష్టి గుమ్మడికాయ మాత్రం నిక్షేపంగా కట్టుకోండి, ఏడాది పొడుగునా హాలోవీన్ చేస్తారా అని పక్కింటివాళ్లు అడిగితే అవునని చెప్పేయండి.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు మేకులు కొట్టకండి, డిపాజిట్లో కోసేస్తారు. నీలం రంగు పెయింటర్స్ టేప్ వాడితే గోడ రంగు ఊడదు. కారిడార్లో తలుపు బయట ఏమీ పెట్టకూడదని చాలా చోట్ల రూల్ ఉంటుంది, ఒకసారి లీజు చూసుకోండి. కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపమే పెట్టండి, కాస్ట్యూమ్ అంచులు నేల మీద జీరాడుతుంటాయి. దూదిలాంటి సాలెగూడు ఇంట్లో కట్టండి, బయట పొదల మీద వేస్తే పిట్టలు చిక్కుకుంటాయి.

ఇక ఆటలు. నా అనుభవంలో పిల్లలకి గుర్తుండేది అలంకరణ కాదు, ఆటలే. మావాడిని అడిగితే పోయినేడు గోడ మీద ఏముందో చెప్పలేడు, చింతపండు సంగతి మాత్రం ఇప్పటికీ చెప్తాడు.

చింతపండు ఏమిటంటే, చీకటి పెట్టె ఆట. ఖాళీ టిష్యూ పెట్టెల్లో చిన్న గిన్నెలు పెట్టి, కళ్లకి చున్నీ కట్టి, చెయ్యి పెట్టి ఏమిటో చెప్పమనాలి. ఇక్కడివాళ్లు ఉడికించిన స్పెగెటీ పెట్టి పేగులంటారు, పొట్టు తీసిన ద్రాక్ష పెట్టి కళ్లంటారు. మన వంటింటి ముందు అవేం సరిపోతాయి! నానిన సగ్గుబియ్యం కప్ప గుడ్లు. ఉడికించిన సేమ్యా పురుగులు. చల్లటి దోసెల పిండి రాక్షసుడి చీమిడి. ఆకులు దూసేసిన కరివేపాకు రెమ్మలు సాలీడు కాళ్లు. అన్నిటికంటే భయంకరమైనది రెండు గంటలు నానబెట్టిన చింతపండు, మెత్తగా జారుతూ మధ్యలో నారలు తగులుతుంటే అది మెదడు అని చెప్పగానే ఒక్కొక్కళ్లూ పెట్టే కేక వీధి చివరికి వినపడుతుంది. ఒక పిల్ల చెయ్యి కడుక్కోకుండా కళ్లు నులుముకుని ఏడ్చింది, అప్పట్నుంచి ఆ బల్ల పక్కనే తడి తువ్వాలు పెట్టి, చెయ్యి బయటికి రాగానే తుడిపిస్తున్నాను. ఐదేళ్ల లోపు పిల్లలుంటే ద్రాక్షపళ్లు వాళ్లకి అందనీయకండి, గొంతులో ఇరుక్కుంటాయి.

దారానికి డోనట్లు వేలాడదీసి చేతులు వాడకుండా తినే ఆట ఇక్కడ బాగా ఆడతారు. డజను డోనట్ల బదులు చేగోడీలు కట్టండి. చిన్నవి, గట్టివి, అటూ ఇటూ ఊగుతూ నోటికి అందవు, పెద్దవాళ్లు కూడా వచ్చి నిలబడతారు. మమ్మీ ఆట అందరికీ తెలిసిందే, ముగ్గురేసి జట్లు, ఒకర్ని టాయిలెట్ పేపర్‌తో చుట్టేయాలి, మూడు నిమిషాలు టైమ్, మొహం వదిలేయమని ముందే చెప్పండి. ఏడు పెంకులాట కూడా పెట్టాం, పెంకుల బదులు మొహాలు గీసిన పేపర్ కప్పులు బోర్లించి ఒకదాని మీద ఒకటి, మెత్తటి బంతి, చీకట్లో ఎవరెక్కడున్నారో తెలియడానికి అందరి చేతికీ గ్లో స్టిక్ కంకణం. మావాడి క్లాస్‌ పిల్లలెవరికీ అది తెలియదు, రెండు నిమిషాల్లో నేర్చేసుకున్నారు, ఆ తర్వాత మిగతా ఆటలకి రమ్మంటే రాలేదు.

పార్టీ 31న పెట్టుకోకండి, ముందు వారాంతంలో పెట్టుకోండి. 31 సాయంత్రం పిల్లలందరూ ట్రిక్ ఆర్ ట్రీట్‌కి, అంటే వేషాలేసుకుని ఇంటింటికీ క్యాండీ అడగడానికి వెళ్తారు, మా వీధిలో ఆరింటినుంచి ఎనిమిదిన్నర దాకా సందడి. కొన్ని ఊళ్లలో ఏ రోజు, ఏ టైమ్ అన్నది ఊరివాళ్లే నిర్ణయిస్తారు, సిటీ వెబ్‌సైట్ చూసుకోండి. వాకిట్లో లైటు వెలుగుతుంటే రమ్మని అర్థం, ఆర్పేస్తే ఈ ఇంటికి రావద్దని. ఎంత క్యాండీ కావాలో పక్కింటివాళ్లని ముందే అడగండి, మా వీధిలో వందమంది వస్తే పక్క కాలనీలో పదిమంది కూడా రారు. ఇంట్లో చేసిన మురుకులు, లడ్డూలు పంచాలని ఉంటుంది, వద్దు. సీలు లేని తినుబండారాన్ని ఇక్కడి తల్లిదండ్రులు చెత్తలో వేసేస్తారు, మీ కష్టం అంతా వృథా. శాకాహారులు అట్ట మీద జెలటిన్ ఉందేమో చదవండి, గమ్మీ బేర్స్‌లో, మార్ష్‌మెలోస్‌లో, క్యాండీ కార్న్‌లో, స్టార్‌బర్స్ట్‌లో ఉంటుంది, అది జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసేది. ఎక్కడైనా నీలం ఆకుపచ్చ కలిసిన రంగు వేసిన గుమ్మడికాయ కనిపిస్తే ఆ ఇంట్లో తిండి కాకుండా చిన్న బొమ్మలు కూడా ఇస్తారని గుర్తు. ఎలర్జీ ఉన్న పిల్లల కోసం ఈ పద్ధతి 2014 నుంచి దేశమంతా నడుస్తోంది. మీ పిల్లలకి వేరుశనగ పడకపోతే ఇది గుర్తుపెట్టుకోండి.

కాస్ట్యూమ్ కొనే పని పెట్టుకోకండి. చుట్టుపక్కల బై నథింగ్ గ్రూపుల్లో (ఇరుగుపొరుగువాళ్లు వస్తువులు ఊరికే ఇచ్చిపుచ్చుకునేవి) సెప్టెంబర్‌లోనే అడిగితే పిల్లలకి పొట్టయిపోయినవి ఊరికే ఇచ్చేస్తారు. స్కూల్‌కి వేసుకెళ్లేటప్పుడు మాస్కులు, బొమ్మ కత్తులు చాలా చోట్ల ఒప్పుకోరు, టీచర్ పంపిన మెయిల్ చదివాకే నిర్ణయించండి.

నవంబర్ 1 పొద్దున్నే షాపుకెళ్తే మిగిలిన సరుకు సగం ధరకి పెడతారు, వచ్చే ఏడాదికి కావాల్సిన లైట్లు అప్పుడు తీసుకోండి, క్యాండీ మాత్రం వద్దు, ఇంట్లో ఎలాగూ గుట్టలు పడి ఉంటుంది. క్యాన్లు ఒకదాన్లో ఒకటి దూరవు, చోటు దండగ, రీసైకిల్ బిన్‌లో వేసేయండి, మళ్లీ సెప్టెంబర్‌కి కొత్తవి తయారవుతాయి. దీపావళి ఒక్కో ఏడాది ఒక్కోసారి వస్తుంది కదా, 2025లో అక్టోబర్ 20నే వచ్చి వెళ్లిపోయింది, 2026లో నవంబర్ 8న వస్తుంది కాబట్టి ఆ లైట్ల దండ క్యాన్లలోంచి తీసి నేరుగా బాల్కనీకి కట్టేయొచ్చు. 2024లో రెండూ ఒకే రోజు పడ్డాయి. గుమ్మంలో ప్రమిదలు వెలిగించి పిల్లల గౌన్లకి మంటంటుకోకుండా నేనొక పక్క కాపలా కాస్తుంటే, పట్టుచీర కట్టుకున్న మా అత్తయ్యగారు ఇంకో పక్క కూర్చుని, వచ్చిన ప్రతి దయ్యానికీ క్యాండీ ఇస్తూ, "జాగ్రత్తమ్మా, దీపం తగులుతుంది" అని తెలుగులోనే చెప్పారు, వాళ్లు అందరూ థాంక్యూ అన్నారు.