రియో ఆకు, ఉల్లిపొర, బుగ్గ కణాలు: కణాల రూపం ఎందుకు మారుతుందో మూడు స్లైడ్లలో చూడండి

మన పిల్లలు వృక్షకణం, జంతుకణం బొమ్మలు పక్కపక్కన గీసి తేడాల టేబుల్ బట్టీ పట్టేస్తారు, మార్కులు కూడా వస్తాయి, కానీ ఆ తేడా ఎందుకు వచ్చింది అని అడిగితే చాలామంది ఆగిపోతారు. అది తప్పకుండా తెలియాల్సిన విషయం, పైగా కళ్ళతో చూడగలిగిన విషయం. మామూలు స్కూల్ మైక్రోస్కోప్ ఉంటే చాలు.

ముందు రియో ఆకుతో మొదలుపెట్టండి, ఉల్లిపొరతో కాదు. పార్కుల్లో, ఇళ్ళ ముందు బోర్డర్‌గా పెంచుతారే, పైన ఆకుపచ్చ కింద ఊదా రంగు, అదే. ఆకుని మడిచి ఏటవాలుగా చింపితే అంచున పల్చగా ఊదా పొర ఒకటి వేలాడుతుంది, దాన్ని చిన్న ముక్క కత్తిరించి స్లైడ్ మీద నీటిచుక్కలో పెట్టి, కవర్ స్లిప్‌ని ఒక అంచు ముందు ఆనించి మెల్లగా వాల్చండి, లేకపోతే గాలిబుడగలు వస్తాయి. నల్లటి అంచుతో గుండ్రంగా కనబడేవి ఆ బుడగలే, వాటిని కణాలు అనుకోవద్దు. ఇంకో మాట, ఈ ఆకు రసం కొందరికి దురద పెడుతుంది, చేతులు కడుక్కోకుండా కళ్ళు ముట్టుకోకండి.

10ఎక్స్ లెన్స్‌లో ఊదా కణాలు ఒకదానికొకటి అతుక్కుని నేల టైల్స్ లాగా కనిపిస్తాయి, మధ్యమధ్యలో ఆకుపచ్చ చుక్కలు. 40ఎక్స్ పెట్టి ఆ ఆకుపచ్చ దగ్గరే ఆగండి. రెండు కణాలు ఎదురెదురుగా వంగి మధ్యలో చిన్న రంధ్రం వదిలాయి కదా, అవి రక్షక కణాలు, ఆ రంధ్రం పత్రరంధ్రం. నాకు ఈ మొత్తం పాఠంలో అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే: ఒకే ఆకు, ఒకే పొర, పక్కపక్క కణాలు, డీఎన్ఏ కూడా ఒకటే, అయినా ఒకటి ఊదాగా టైల్ లాగా ఉంటే ఇంకొకటి పచ్చగా వంకరగా ఉంది. జన్యువులు అన్నిట్లోనూ ఉంటాయి, కానీ ఏ కణంలో ఏవి పనిచెయ్యాలి, ఏవి ఊరుకోవాలి అన్నదే మారుతుంది. రక్షక కణంలో హరితరేణువులు (ఆకుపచ్చ రంగునిచ్చే, ఆహారం తయారుచేసే చిన్న భాగాలు) తయారయ్యాయి, రంధ్రం వైపు గోడ మందంగా, బయటి వైపు పల్చగా తయారైంది, అందుకే నీళ్ళు లోపలికి వచ్చి ఉబ్బినప్పుడు అది వంగి రంధ్రం తెరుచుకుంటుంది. అంటే ఆ వంకర ఊరికే రాలేదు, పని కోసం వచ్చింది.

ఇప్పుడు స్లైడ్ తియ్యకుండానే కవర్ స్లిప్ ఒక అంచున చిక్కటి ఉప్పునీటి చుక్క వేసి, ఎదురు అంచున టిష్యూ పేపర్ ఆనించండి, నీళ్ళు అటు లాగుతుంది. కాసేపట్లో ఊదా రంగు గోడని వదిలేసి లోపలికి ముడుచుకుపోతుంది, గోడ మాత్రం ఆకారం మారకుండా అలాగే నిలబడుతుంది. రంగు రిక్తిక (కణం లోపలి రసం సంచి)లోని ఆంథోసయనిన్ అనే ఊదా రంగు పదార్థానిది, ఆకారం కణకవచానిది, అంటే ఆ గోడది అని మీ కళ్ళముందే విడిపోయి కనిపిస్తాయి. మళ్ళీ మంచినీళ్ళు పంపితే చాలా కణాలు మామూలు అవుతాయి.

తర్వాత ఉల్లిపాయ, అది సులువే. కండగా ఉన్న రేకు లోపలి వైపు పొర పట్టకారుతో లాగి, అయోడిన్ చుక్క వేసి చూడండి. పొడుగు కణాలు, గోడలు స్పష్టం, కేంద్రకం ఓ పక్కకి ఉంటుంది, పచ్చదనం ఎక్కడా లేదు. మట్టిలో ఉండి ఆహారం దాచుకునే భాగానికి హరితరేణువులతో పనేముంది? అదే మొక్క ఉల్లికాడ తెచ్చి పొర తీసి చూడండి, పత్రరంధ్రాలు వరసల్లో కనిపిస్తాయి.

బుగ్గ కణాలకి నోరు పుక్కిలించి, శుభ్రమైన టూత్‌పిక్ మొద్దు వైపుతో బుగ్గ లోపల మెల్లగా గీసి, స్లైడ్ మీద రాసి, పల్చని మిథిలీన్ బ్లూ (కణాలకి నీలం పట్టించే రంగు) చుక్క వెయ్యండి. అక్వేరియం షాపుల్లో చేపల మందుగా దొరుకుతుంది. ఎవరి స్లైడ్ వాళ్ళదే, ఒకరి టూత్‌పిక్ ఇంకొకరు వాడొద్దు. ఇక్కడ గోడ లేదు కాబట్టి కణాలకి ఒక కచ్చితమైన ఆకారం లేదు, అంచులు మడతపడి, పల్చగా, రేకుల్లా ఉంటాయి, ఎందుకంటే నోటి లోపల పరుచుకుని కాపాడుతూ ఎప్పటికప్పుడు రాలిపోయేవి ఇవి. అదే శరీరంలో ఎర్ర రక్తకణం కేంద్రకాన్నే వదిలేసుకుంటుంది, నాడీకణం తోక వెన్ను నుంచి పాదం దాకా సాగుతుంది.

మూడింటి బొమ్మలు ఒకే పేజీలో గీయించండి, పక్కన మాగ్నిఫికేషన్ రాయించండి, తర్వాత మూడింట్లోనూ ఉన్నది ఏంటి అని అడగండి. రంగు వేసిన రెండింట్లో కేంద్రకం వెంటనే దొరుకుతుంది, రియోలో కొంచెం వెతకాలి, వెతకనివ్వండి.